డెర్బీకెళ్ళొచ్చానని ఇంటి ఓనరు మాట్లాడటం మానేశాడు. ఈ ఫుట్‌బాల్ పిచ్చికి మందుందా?

న్యూటౌన్_నాని
బదిలీ మీద కోల్‌కతా వచ్చాను. న్యూటౌన్ దగ్గర ఒక పాతింట్లో పైవాటా అద్దెకుంటున్నా. ఓనరు డెబ్బై దాటిన రిటైర్డ్ లెక్కల మాస్టారు. దేవుడిలాంటి మనిషి. పొద్దున తను చదివేశాక పేపరు నా మెట్ల మీద పెట్టేవాడు. నాకు జ్వరమొస్తే ఆంటీ చేత ఖిచిడీ పంపించాడు. మొన్న ఆఫీసువాళ్ళు నన్ను సాల్ట్‌లేక్ స్టేడియానికి డెర్బీకి, అంటే ఈ ఊరి రెండు క్లబ్బులు మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్‌కి లాక్కెళ్ళారు. వాళ్ళంతా మోహన్ బగాన్. నా మెడలో ఆకుపచ్చ-మెరూన్ కండువా వేసి ఫొటో తీశారు. అందరూ పెడుతున్నారు కదా అని నేనూ వాట్సాప్ స్టేటస్ పెట్టాను. అంతే! ఆ రోజు నుంచి మాస్టారు నా మొహం చూడట్లేదు. పేపరు బంద్. నిన్న గేటు దగ్గర ఎదురుపడితే "అద్దె ఇక ఆన్‌లైన్‌లో వేసెయ్" అని ఒక్క ముక్క అని లోపలికెళ్ళిపోయాడు. తలుపు సందులోంచి చూస్తే గోడ మీద ఎర్ర-పసుపు జెండా, దాని మీద కాగడా. ఈస్ట్ బెంగాల్‌ది.

నాకు ఆఫ్‌సైడ్ అంటేనే సరిగ్గా తెలీదు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషికి ఇంత లెక్కలేని కోపమేంటి?

గన్నర్_గుంటూరు
అసలు సంగతి చెప్పలేదు. ఎవరు గెలిచారు?

న్యూటౌన్_నాని
మోహన్ బగాన్.

గన్నర్_గుంటూరు
ఇంకేం, పేపరు మర్చిపో. వేరే ఇల్లు వెతుక్కోవడం మొదలుపెట్టు.

సాల్ట్‌లేక్_కోడలు
మాస్టారిది ఏ ఊరో ఎప్పుడైనా అడిగారా? ఢాకా, బరిసాల్, నోవాఖాలీ, అటువైపు ఏదో ఒకటి చెప్తారు చూడండి. పుట్టింది కోల్‌కతాలోనే అయినా సరే, "మా ఊరు" అంటే అదే.

నాది రాజమండ్రి, పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చాను. మా మామగారిది శ్రీరాంపూర్, అంటే ఘోటి, పశ్చిమ బెంగాల్ సొంతవాళ్ళు, మోహన్ బగాన్. అత్తగారి పుట్టిల్లు బరిసాల్, అంటే బంగాల్, తూర్పు బెంగాల్ నుంచి వచ్చినవాళ్ళు, ఈస్ట్ బెంగాల్ క్లబ్బు. ఇద్దరూ వేరువేరు టీవీల్లో మ్యాచ్ చూస్తారు అనుకుంటే పొరపాటే. అత్తగారు అసలు చూడరు. ఆవిడ చూస్తే గోల్ పడుతుందట. అందుకని వంటింట్లో స్టూలు వేసుకుని కిటికీ తెరుచుకుని కూర్చుంటారు. వీధిలో ఏ ఇంట్లోంచి అరుపు వచ్చిందో విని స్కోరు చెప్పేస్తారు. ఎడమవైపు రెండో ఇల్లు అరిస్తే మొహం చేటంత అవుతుంది. ఎదురింటివాళ్ళు అరిస్తే గిన్నెలు కాస్త గట్టిగా సర్దుతారు. ఇంతవరకూ ఆవిడ లెక్క తప్పడం నేను చూడలేదు.

ఆ కోపం ఆటది కాదండీ. విభజనప్పుడు ఇల్లూ పొలమూ చెరువూ వదిలేసి వచ్చినవాళ్ళు. ఇక్కడివాళ్ళు వాళ్ళ యాసని, వంటని ఎగతాళి చేశారు. ఆ పాతూరి పేరుతో ఇక్కడ మిగిలింది ఒక ఫుట్‌బాల్ క్లబ్బే. అది గెలిస్తే వాళ్ళ ఊరు గెలిచినట్టు.

సందేహి
కానీ ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పెట్టింది 1920లో. విభజన 1947లో. కథ అతకట్లేదు మేడమ్.

సాల్ట్‌లేక్_కోడలు
@సందేహి, పుట్టుకే అలక మీద పుట్టింది. మోహన్ బగాన్‌తో మ్యాచ్‌కి జోడాబగాన్ క్లబ్బు తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన ఆటగాణ్ణి పక్కన పెట్టింది. దాని పెద్దల్లో ఒకాయనకి ఒళ్ళు మండి బయటికొచ్చి వేరే క్లబ్బు పెట్టాడు. అలక 1920ది, ఆ అలకలోకి లక్షలమంది వచ్చి చేరింది 1947లో. రెండూ నిజమే.

పులస_పెద్దిరాజు
ఈస్ట్ బెంగాల్ గెలిస్తే ఇలిష్ వండుకుంటారు, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు అని విన్నాను. ఇలిష్ అంటే మన గోదారి పులసే కదండీ. పుస్తెలమ్మైనా పులస తినాలన్న ఊరివాణ్ణి, నాకు ఇంక ఆలోచించే పనేముంది. జై ఈస్ట్ బెంగాల్.

చెరువుగట్టు_భీమవరం
పెద్దిరాజు గారూ, పులస ఏడాదికి రెండు మూడు నెలలు. రొయ్య పన్నెండు నెలలూ. మా జిల్లా తిండి మొత్తం దాని మీదే. జై మోహన్ బగాన్.

పులస_పెద్దిరాజు
@చెరువుగట్టు మీరు రొయ్యలు అమ్ముతారు. తినేది మా పులసే, నాకు తెలుసు.

సాల్ట్‌లేక్_కోడలు
హహ. ఇదిగో, ఇలాగే మొదలవుతుంది. నిజంగానే డెర్బీ మర్నాడు చేపల బజారులో రేటు చూస్తే ఎవరు గెలిచారో తెలిసిపోతుందంటారు ఇక్కడ.

సందేహి
జోకులు సరే. నా ప్రశ్న సూటిగా అడుగుతా. ఆడేవాళ్ళలో ఎంతమంది ఘోటీలు, ఎంతమంది బంగాల్‌లు? స్పెయిన్ నుంచి కొందరు, ఆస్ట్రేలియా నుంచి కొందరు, మిజోరం నుంచి కొందరు. ఏడాది తిరిగేసరికి అటువాడు ఇటు, ఇటువాడు అటు. జీతానికి ఆడే పదకొండుమంది కోసం ఒక పెద్దాయన అద్దెకున్న కుర్రాడితో మాట మానేయడం ఏ రకంగా సమర్థిస్తారు?

అమ్ముగూడ_సెంటర్_ఫార్వర్డ్
జీతానికి ఆడెటోళ్ళ సంగతి తీసినవ్ గనక చెప్త. ఆ పదకొండుమందిల మనోళ్ళు మస్తు మంది ఉండె. తులసీదాస్ బలరామ్ మా అమ్ముగూడలనే పుట్టిండు. 1957 నుంచి ఈస్ట్ బెంగాల్‌కి ఆడిండు. 1962 జకార్తా ఆసియా క్రీడలల్ల బంగారు పతకం తెచ్చిన జట్టుల ఉన్నడు. నయీముద్దీన్ హైదరాబాదీ. హబీబ్ హైదరాబాదీ, బడే మియా అంటరు. ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మదన్ స్పోర్టింగ్, మూడిట్ల ఆడిండు, మూడు క్లబ్బులోళ్ళూ మావోడే అంటరు. 1977ల పెలే కాస్మోస్ జట్టుతోని ఈడెన్ గార్డెన్స్‌కి వస్తే మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిండు, 2-2 డ్రా. 2023 ఆగస్టు 15 నాడు పోయిండు పెద్దాయన. ఇయ్యాల హైదరాబాద్‌ల ఎవరినన్న నిలవెట్టి అడుగు, పది మందిల ఒక్కడు చెప్పడు హబీబ్ ఎవరో.

ఖరగ్‌పూర్_రైల్వే
అక్బర్‌ని వదిలేశారే! హబీబ్ తమ్ముడు. వస్తున్నా, పెద్ద కథ ఉంది, భోజనం చేసి రాస్తా.

న్యూటౌన్_నాని
ఇంతకీ నా పేపరు సంగతి?

గన్నర్_గుంటూరు
లైన్లో ఉండు.

ఖరగ్‌పూర్_రైల్వే
మాది మూడు తరాల ఖరగ్‌పూర్. తాతగారు బెంగాల్-నాగ్‌పూర్ రైల్వేలో పనికి శ్రీకాకుళం నుంచి వచ్చారు. మా క్వార్టర్స్ లైన్‌లో సగం ఇళ్ళు తెలుగువాళ్ళవే. ఘోటి, బంగాల్ గొడవతో మాకు ఏం సంబంధం? ఏమీ లేదు. అయినా మా ఇల్లు రెండు ముక్కలు.

తాతగారు ఈస్ట్ బెంగాల్. ఎందుకంటే 1949 నుంచి ఆ జట్టు ముందు వరసలో అయిదుగురూ దక్షిణాదివాళ్ళే: అప్పారావు, వెంకటేశ్, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే. పంచపాండవులు అని పేరు. ఆ ఏడు నుంచి వరసగా మూడేళ్ళు ఐఎఫ్‌ఏ షీల్డ్ టోర్నీ కొట్టారు. అప్పారావు అనే పేరు కలకత్తా పేపర్లో అచ్చయితే ఖరగ్‌పూర్ తెలుగోడి ఛాతీ ఎంత ఉబ్బి ఉంటుందో మీరే ఊహించుకోండి. మా నాన్న అదే దారి. పెదనాన్న మాత్రం వర్క్‌షాప్‌లో తన మేస్త్రీ మోహన్ బగాన్ అని అటు వెళ్ళాడు. 1911లో ఉత్తకాళ్ళతో ఆడి ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్‌ని ఓడించిన క్లబ్బు, తెల్లవాణ్ణి కొట్టిన క్లబ్బు, అంతకంటే ఏం కావాలి అని ఆయన వాదన.

1975 సెప్టెంబర్ 30. షీల్డ్ ఫైనల్. ఈస్ట్ బెంగాల్ 5, మోహన్ బగాన్ 0. మా నాన్న అయిదు రసగుల్లాలు పళ్ళెంలో పెట్టి పెదనాన్న ఇంటికి పంపాడు. లెక్క ఆరు కాదు, నాలుగు కాదు. పెద్దమ్మ ఆ పళ్ళెం వాకిట్లోకి విసిరేసింది. వదినా మరుదులు అటు తర్వాత దసరాకి కూడా మాట్లాడుకోలేదు.

మర్నాటేడు 1976 లీగ్ డెర్బీ. ఆట మొదలైన 17 సెకన్లకి మన హైదరాబాద్ అక్బర్ మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టాడు. అదే ఒక్క గోలు, 1-0. రేడియో కామెంటరీ అయిపోగానే పెదనాన్న లుంగీ ఎగ్గట్టి మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. ఒక్క తిట్టు లేదు. "ఒకటి, రెండు, మూడు..." అని గట్టిగా పదిహేడు దాకా లెక్కపెట్టి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మా నాన్న ఆ రాత్రి అన్నం ముట్టలేదట.

కొట్టింది తెలుగు గడ్డ నుంచి వచ్చిన కుర్రాడు. ఏడ్చింది తెలుగు ఇల్లు. లాజిక్ అడక్కండి.

గన్నర్_గుంటూరు
పదిహేడు దాకా లెక్కపెట్టడం. అబ్బ. ఇంత శుద్ధమైన పగ ఈ మధ్య వినలేదు.

బెజవాడ_స్పర్
ఈ పెదనాన్నకి గుడి కట్టాలి.

సందేహి
గుడి కడతారు, ఎందుకు కట్టరు. ఇదంతా ముచ్చటగానే ఉంటుంది, మీ ఇంట్లో రసగుల్లాల దగ్గర ఆగింది కాబట్టి. అదే 5-0 తర్వాత ఒక మోహన్ బగాన్ అభిమాని ప్రాణం తీసుకున్నాడు. వచ్చే జన్మలో మంచి ఆటగాడిగా పుట్టి బదులు తీరుస్తానని రాసిపెట్టి పోయాడట. ఆ రాత్రి జనానికి భయపడి కొందరు ఆటగాళ్ళు గంగలో పడవ మీద దాక్కున్నారని చెప్తారు. దీన్ని కూడా పిచ్చి ప్రేమ అని మురిసిపోదామా?

సాల్ట్‌లేక్_కోడలు
మురిసిపోరు ఎవరూ. మా మామగారు 1980 ఆగస్టు 16 నాడు ఈడెన్‌లో ఉన్నారు. మైదానంలో మొదలైన గొడవ గ్యాలరీలోకి పాకింది, తొక్కిసలాటలో 16 మంది పోయారు. ఆ రోజు గురించి ఆయన కొడుక్కి కూడా చెప్పలేదు. ఒక్కసారి నాకు చెప్పారు, అది కూడా "నా చెప్పులు అక్కడే పోయాయి" అన్నంతవరకే. ఏటా ఆ తారీఖున రెండు క్లబ్బులవాళ్ళూ కలిసి రక్తదానం చేస్తారు, ఈయన వయసు దాటాక కూడా వెళ్ళి ఆ టెంటు దగ్గర కుర్చీలో కూర్చుని వస్తారు.

అయినా మ్యాచ్ మానేశారా? లేదు.

డాక్టరమ్మ_కర్నూలు
సందేహి గారు అడిగిన దాంట్లో న్యాయం ఉంది, కానీ "జీతానికి ఆడే పదకొండుమంది" దగ్గరే ఆయన పొరబడుతున్నారు. అభిమానికి ఆటగాడు ముఖ్యం కాదు, తను ముఖ్యం. 1976లో చాల్దీనీ అనే ఆయన అమెరికా యూనివర్సిటీల్లో ఒక చిన్న విషయం గమనించాడు. శనివారం తమ జట్టు గెలిస్తే సోమవారం నాడు ఆ యూనివర్సిటీ పేరున్న బట్టలేసుకొచ్చే స్టూడెంట్లు పెరుగుతారు. ఫోన్ చేసి మ్యాచ్ గురించి అడిగితే గెలిచినప్పుడు "గెలిచాం" అంటారు, ఓడినప్పుడు "వాళ్ళు ఓడిపోయారు" అంటారు. మీరంతా మీ వాట్సాప్ గ్రూపులు తిరగేసుకోండి, నేను ఆగుతా.

ఇంకోటి, ఇది నా పనికి దగ్గరిది. 2006 వరల్డ్ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ చుట్టుపక్కల గుండె ఎమర్జెన్సీలు లెక్కేశారు. జర్మనీ ఆడిన రోజుల్లో అవి మామూలు రోజులకంటే రెండున్నర రెట్లకి పైనే. కాబట్టి నాని గారూ, మాస్టారికి బీపీ ఉందా లేదా కనుక్కోండి. కోపం తెచ్చుకోవడం ఆయన చేతిలో లేకపోవచ్చు.

ఎర్రదయ్యం_వరంగల్
గుంటూరు గన్నర్ గారు, ఆర్సెనల్ అభిమాని, "గెలిచాం" అనడం నేనెప్పుడూ వినలేదు, పాపం అవకాశం రావాలి కదా.

గన్నర్_గుంటూరు
ఎవడ్రా ఇది. పోనీలే, పెద్దవాళ్ళున్నారు థ్రెడ్‌లో.

న్యూటౌన్_నాని
అప్‌డేట్. ఖరగ్‌పూర్ గారి కథ చదివాక ధైర్యం చేశాను. సాయంత్రం మాస్టారు వరండాలో ఉంటే వెళ్ళి "కాకా, 1975లో 5-0 అట కదా" అన్నా. ఆయన కళ్ళజోడు తీసి నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత గంటన్నర! అయిదు గోల్సూ ఒక్కొక్కటే, ఎవరు పాస్ ఇచ్చారు, బంతి ఎటు నుంచి వచ్చింది, బల్ల మీద అగ్గిపుల్లలు పేర్చి మరీ చూపించాడు. 1997 ఫెడరేషన్ కప్ సెమీఫైనల్‌కి కూడా వెళ్ళాడట, సాల్ట్‌లేక్‌లో లక్షా ముప్ఫై వేలమంది. అవతలి కోచ్ అమల్ దత్తా మ్యాచ్‌కి ముందు భైచుంగ్ భూటియాని "చుంగ్ చుంగ్" అని వెక్కిరించాడట. భైచుంగ్ హ్యాట్రిక్ కొట్టాడు, 4-1. ఇది చెప్పేటప్పుడు మాస్టారు నిలబడ్డాడు.

చివర్లో నేను "2009లో మోహన్ బగాన్ 5-3 గెలిచిందట కదా" అన్నా (ఆఫీసువాళ్ళు చెప్పారు). అగ్గిపుల్లలు పెట్టెలో పెట్టేసుకుని లోపలికెళ్ళిపోయాడు.

పులస_పెద్దిరాజు
నీకు బుద్ధి లేదు.

సాల్ట్‌లేక్_కోడలు
దేవుడా. చిడీ నాలుగు గోల్స్ కొట్టిన మ్యాచ్ అది. మా ఇంట్లో ఆ పేరు ఎత్తరు.

చెరువుగట్టు_భీమవరం
శభాష్ నాని. మా వైపు వచ్చెయ్.

గ్లాస్గో_గోపి
మీరంతా అదృష్టవంతులు, మీ దగ్గర చేపలతో పోతోంది. నేను ఇక్కడికి చదువుకోడానికొచ్చిన కొత్తల్లో అమ్మ కొనిచ్చిన పచ్చ జాకెట్ ఒకటుండేది. పార్ట్‌టైమ్ చేసే షాపులో మేనేజరు పక్కకి పిలిచి "శనివారం ఇది వేసుకుని బస్సెక్కకు" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. నాకు చలి ఎక్కువవుతుందేమో అనుకున్నా. ఆదివారం తెలిసింది, సెల్టిక్ పచ్చ, రేంజర్స్ నీలం. సెల్టిక్‌ని మొదలుపెట్టింది ఐర్లండ్ నుంచి వలసొచ్చిన పేద క్యాథలిక్‌ల కోసం. అటు ప్రొటెస్టెంట్లు. 1989లో రేంజర్స్ ఒక క్యాథలిక్ స్ట్రైకర్ మో జాన్‌స్టన్‌ని తీసుకుంటే సొంత అభిమానులే కండువాలు తగలబెట్టారు. ఇక్కడ ఉద్యోగం ఇచ్చేముందు ఏ స్కూల్లో చదివావ్ అని అడిగితే చదువు గురించి కాదని పెద్దవాళ్ళు చెప్తారు.

కోడలు గారు చెప్పిన వలస కథే ఇది కూడా. ఊరు వదిలొచ్చినవాడికి ఒక జెండా కావాలి. కాకపోతే ఇక్కడ జెండాకి మతం కూడా అంటుకుంది.

సందేహి
చూశారా. నేను చెప్పేది అదే. దీన్ని కదిలిస్తే కింద కులమో మతమో ప్రాంతమో బయటపడుతుంది. ఫుట్‌బాల్ ముసుగు. మన దగ్గర హీరోల ఫ్యాన్స్ కొట్టుకోవట్లా? కటౌట్‌కి పాలు పోస్తారు, కింద చూస్తే వేరే లెక్క. అదీ ఇదీ ఒకటే.

అమ్ముగూడ_సెంటర్_ఫార్వర్డ్
ఒకటి కాదు అన్న. హీరో సినిమా ఎప్పుడు రిలీజు చెయ్యాలె, ఎట్ల తియ్యాలె అన్నీ ఆయన చేతులనే. ఇంక ఆయన కొడుకు వస్తడు. క్లబ్బు అట్ల కాదు, ఓడుతది. మళ్ళ మళ్ళ ఓడుతది. ఇరవై ఏండ్లు ఓడినా పోయేటోడు పోతనే ఉంటడు. ఓటమిల కూడ అక్కడనే కూసునేటోడు హీరో ఫ్యాన్ల ఎంతమంది?

ఖరగ్‌పూర్_రైల్వే
ఓనర్ల మాట వింటారనుకుంటే అదీ కాదు. 2020లో మోహన్ బగాన్‌ని ఇంకో క్లబ్బుతో కలిపి పేరు ముందు ఏటీకే అని తగిలించారు. జట్టు గెలుస్తూనే ఉంది, అయినా అభిమానులు "ఏటీకే తీసెయ్" అని బ్యానర్లు కట్టి స్టేడియం బయట కూర్చున్నారు. 2023లో ఆ మూడు అక్షరాలూ పోయాయి. గెలుపు ఒక్కటే కావాలంటే అంత గొడవ దేనికి?

డాక్టరమ్మ_కర్నూలు
సందేహి గారూ, ముసుగు అన్నారు కదా, దానికి అవతలి వైపు కూడా చూడండి. ఇంగ్లండ్‌లో లాంకాస్టర్ యూనివర్సిటీలో లెవీన్ అనే ఆయన మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల మీద ఒక ప్రయోగం చేశాడు. దారిలో ఒకడు కాలు జారి పడతాడు, అది నాటకం. వాడి ఒంటి మీద యునైటెడ్ జెర్సీ ఉంటే ఎక్కువమంది ఆగి లేపారు. లివర్‌పూల్ జెర్సీ ఉంటే చాలామంది దాటుకుని పోయారు. తర్వాత ఇంకో గుంపుకి ముందుగా "మీ క్లబ్బు" గురించి కాక "ఫుట్‌బాల్ అభిమానులు" అనే మాట మీద నాలుగు ప్రశ్నలు రాయించారు. ఈసారి లివర్‌పూల్ జెర్సీవాణ్ణి కూడా లేపారు. మనిషి అదే. గీత ఎక్కడ గీశామన్నదే తేడా.

ఎర్రదయ్యం_వరంగల్
నేనైతే లివర్‌పూల్ జెర్సీ వాణ్ణి ముందు ఫొటో తీసి తర్వాత లేపుతా.

సాల్ట్‌లేక్_కోడలు
డాక్టరమ్మ గారు చెప్పింది నేను కళ్ళతో చూశాను. 2024 ఆగస్టు. ఆర్జీ కర్ ఆసుపత్రిలో డాక్టరమ్మాయి హత్య జరిగాక ఊరంతా రోడ్డెక్కింది. 18వ తేదీన డ్యూరాండ్ కప్ డెర్బీ ఉంటే భద్రత పేరుతో రద్దు చేశారు. ఆ సాయంత్రం సాల్ట్‌లేక్ స్టేడియం బయట వానలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ జెర్సీలు కలిసి నిలబడ్డాయి. మహమ్మదన్ వాళ్ళు కూడా వచ్చారు. పోలీసులు లాఠీలెత్తితే పసుపు-ఎరుపు వాడు ఆకుపచ్చ వాణ్ణి భుజాలకెత్తుకోవడం చూశా. మా అత్తగారూ మామగారూ ఒకే ఆటోలో వెళ్ళి ఒకే ఆటోలో వచ్చారు.

మళ్ళీ సీజన్ మొదలయ్యాక మామూలే. వంటింట్లో స్టూలు.

న్యూటౌన్_నాని
ఇది మా ఆఫీసులో కూడా చెప్పారు. అందుకే అడుగుతున్నా, అంత కలిసినవాళ్ళు నా ఒక్క కండువాకి ఇంత బిగుసుకుపోవాలా?

ఖరగ్‌పూర్_రైల్వే
కలిసింది అమ్మాయి కోసం. కండువా వేరే డిపార్ట్‌మెంట్.

అమ్ముగూడ_సెంటర్_ఫార్వర్డ్
నా బాధ వేరే ఉంది, ఎవరూ అడుగుతలేరు గనక నేనే చెప్పుకుంట. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు కోచ్ రహీం సాబ్ చేతుల 1950 నుంచి 54 దాక వరసగా అయిదు రోవర్స్ కప్పులు గెలిచింది. 1950 డ్యూరాండ్ ఫైనల్ల మోహన్ బగాన్‌నే కొట్టింది. అంత జట్టున్న ఊర్ల మనకి తిట్టుకోనికి రెండో జట్టు నిలవడలే. మంచి పోరగాండ్లు కలకత్తా రైలెక్కిన్రు, ఆడ ఇద్దరి గొడవల హీరోలైన్రు. ఈడ గ్రౌండ్లు ఫంక్షన్ హాళ్ళైనయ్.

సరే అని 2019ల హైదరాబాద్ ఎఫ్‌సీ వస్తే నేను నా బిడ్డని తీస్కొని గచ్చిబౌలికి పోయిన. పసుపు జెర్సీ కొన్న. 2022 మార్చిల గోవల ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీలు, మా గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. ఇంట్ల టీవీ ముంగట నా బిడ్డ ఎగిరి సోఫా స్ప్రింగు విరగ్గొట్టింది, ఇప్పటికీ బాగు చేయించలే. తర్వాత ఏమైంది? జీతాల లొల్లి, ఆటగాళ్ళు ఒక్కొక్కరే పోయిన్రు, 2025ల జట్టే ఢిల్లీకి పోయి పేరు మార్చుకుంది. ఇప్పుడు చెప్పున్రి, నా బిడ్డ ఎవరి మీద అలగాలె?

గ్లాస్గో_గోపి
అన్నా, ఇంగ్లండ్‌లో వింబుల్డన్ అనే క్లబ్బుకి సరిగ్గా ఇదే అయింది. ఓనర్లు దాన్ని వేరే ఊరికి తరలించడానికి 2002లో అనుమతి తెచ్చుకున్నారు. అభిమానులు ఏడ్చి ఊరుకోలేదు. ఒక పార్కులో ట్రయల్స్ పెట్టి కుర్రాళ్ళని ఏరుకుని ఏఎఫ్‌సీ వింబుల్డన్ అని సొంత క్లబ్బు మొదలుపెట్టారు. అట్టడుగు నుంచి ఎక్కుకుంటూ 2011కి ప్రొఫెషనల్ లీగులోకి వచ్చేశారు. పోయిన క్లబ్బు ఎంకే డాన్స్ అయింది. ఇప్పుడు ఆ రెండూ తలపడితే చూడాలి. అప్పటికప్పుడు పుట్టిన పగ, వందేళ్ళ పగలకి ఏం తీసిపోదు.

అమ్ముగూడ_సెంటర్_ఫార్వర్డ్
పార్కు ఏడుంది తమ్మీ ఈడ. ముందు గ్రౌండు చూపియ్, జట్టు నేను చూస్కుంట.

చెరువుగట్టు_భీమవరం
చెరువు ఎండబెట్టిస్తా, రండి ఆడుకుందురు గాని.

సందేహి
అమ్ముగూడ గారి మాట నాకు తగిలింది. కానీ అది వాదన కాదు, నష్టం. స్థానిక క్లబ్బు ఉన్నవాడి కోపం నాకు కొంచెం అర్థమవుతోంది. గుంటూరులో కూర్చుని ఆర్సెనల్ కోసం రాత్రి పన్నెండున్నరకి లేచేవాడి సంగతేంటి? లండన్ చూశావా అసలు?

గన్నర్_గుంటూరు
చూడలేదు. మా ఊళ్ళో ఎంతమంది తిరుపతి చూసి వెంకన్నకి మొక్కారు? మా నాన్నమ్మ చూడకుండానే డెబ్బై ఏళ్ళు మొక్కింది.

బెజవాడ_స్పర్
నేను చెప్తా దీని అసలు రహస్యం. వీడూ నేనూ ఇంజనీరింగ్‌లో రూమ్మేట్లం. వీడిది గుంటూరు, నాది బెజవాడ. మొదటి వారం రోజులూ గొడవ ఎవరి ఊళ్ళో ఎండ ఎక్కువ అని. తర్వాత ఎవరి ఊరి మిర్చి బజ్జీ. వీడు ఆర్సెనల్ అన్నాడు. నాకు అప్పటికి ఏ జట్టూ లేదు. ఆర్సెనల్‌కి పక్కింటి శత్రువు ఎవరని సీనియర్‌ని అడిగాను, టాటెన్‌హామ్ అన్నాడు. అయిపోయింది. నా జీవితం అక్కడ ఖరారు.

లండన్ పగ కాదండీ ఇది. కృష్ణకి అటూ ఇటూ పగ. జెర్సీలు మాత్రం దిగుమతి.

డాక్టరమ్మ_కర్నూలు
ఇది రాసిపెట్టుకుంటున్నా. క్లాసులో వాడతా.

ఎర్రదయ్యం_వరంగల్
శత్రువుని చూసి జట్టుని ఎంచుకున్న మొదటి మనిషి. ఆ ఎంపికతో జీవితాంతం ఏడుపే కదా బ్రో.

గన్నర్_గుంటూరు
వాడికి ఒకటి గుర్తుచేస్తా. 2004లో మేం లీగ్ టైటిల్ ఖాయం చేసుకుంది ఎవరి గ్రౌండ్‌లో? వైట్ హార్ట్ లేన్. వాళ్ళింట్లో. ఆ సీజన్ మొత్తం ఒక్క ఓటమి లేదు. వాడప్పుడు స్కూల్లో ఉన్నాడు, నేనూ స్కూల్లోనే. అయినా అది మేమే.

బెజవాడ_స్పర్
స్కూల్లో ఉండి "మేం"! డాక్టరమ్మ గారూ, రాసుకున్నారా? ఇంకోటి కూడా రాసుకోండి, వీళ్ళ క్లబ్బు ఉత్తర లండన్ సొంతది కాదు. 1913లో థేమ్స్ అవతల్నుంచి మా పేటలోకి వలసొచ్చారు. అద్దెకొచ్చి ఇల్లు మాదన్నారు.

పులస_పెద్దిరాజు
అయితే లండన్‌లో ఘోటి బెజవాడ అబ్బాయి, బంగాల్ గుంటూరు అబ్బాయి. నాని, నీ మాస్టారికి ఇతన్ని పరిచయం చెయ్యి.

న్యూటౌన్_నాని
మాస్టారు ఇందాక పైకొచ్చాడు. "2009లో రిఫరీ..." అని మొదలుపెట్టాడు. ఇంకా ఇక్కడే ఉన్నాడు. మెల్లగా టైప్ చేస్తున్నా. ఎవరైనా ఫోన్ చేయండి.

సాల్ట్‌లేక్_కోడలు
చెయ్యం. వినండి. మధ్యలో రిఫరీదే తప్పు అనండి, చాలు.

ఎర్రదయ్యం_వరంగల్
పక్కింటి గొడవల్లో తలదూర్చను గానీ, ఈ బెజవాడ అబ్బాయి ట్రోఫీల గురించి మాట్లాడకుండా ఉంటే బాగుండు.

బెజవాడ_స్పర్
2025 మే. బిల్బావో. యూరోపా లీగ్ ఫైనల్. మాంచెస్టర్ యునైటెడ్ మీద 1-0. వరంగల్ సార్‌కి ఈ నాలుగు ముక్కలు చాలనుకుంటా.

ఎర్రదయ్యం_వరంగల్
అదే సీజన్‌లో లీగులో మీరు 17వ స్థానం. ఆ మాట కూడా చెప్పు.

గన్నర్_గుంటూరు
నువ్వు 15. పదిహేనూ పదిహేడూ కొట్టుకుంటుంటే చూడముచ్చటగా ఉంది, కానివ్వండి.

బెజవాడ_స్పర్
కప్పు ఎవరింట్లో ఉందో ముందు అది తేల్చండి, స్థానాలు తర్వాత లెక్కపెట్టుకుందాం.